ఎత్తిన చెయ్యి వెంట తగరపువలస దాకా

విశాఖపట్నంలో పుట్టి పెరిగిన మనిషి విశాఖపట్నానికే యాత్రకు వెళ్ళడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. మా తమ్ముడు పైకే నవ్వాడు. “గాజువాక నుంచి తగరపువలస ఎల్లడానికి యాత్రేటప్పా? సిటీ బస్సుంది గదా” అన్నాడు. వాడితో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. కెమెరా సంచీ భుజాన వేసుకుని, మంచినీళ్ళ సీసా పట్టుకుని బయల్దేరాను. మొత్తం మూడు రోజులు, నలభై చిల్లర కిలోమీటర్లు. తిరిగొచ్చి నెల దాటినా ఆ మూడు రోజులూ నన్ను వదలడం లేదు. అందుకే రాస్తున్నాను.

ముందు సెతూబల్ సంగతి

పోర్చుగల్‌లో సెతూబల్ అని ఒక రేవు పట్నం ఉంది. అక్కడి వృద్ధాశ్రమంలో ఆరేళ్ళు వంటపనీ, ముసలివాళ్ళకు పైపనీ చేసి, కిందటేడు ఇంటికొచ్చేశాను. ఆ ఊరు మీకు చూపించాలంటే మన వన్ టౌన్‌ని కాస్త కడిగి, జనాన్ని తగ్గించి, గోడలకు రంగు పెంకులు అంటిస్తే చాలు. ఓడలు, క్రేన్లు, చేపల వాసన, అన్నీ ఉన్నాయి. మనకు డాల్ఫిన్ ముక్కులా ఉండే కొండ ఉంది, వాళ్ళకు ఏటి మొగలో నిజం డాల్ఫిన్లే ఉన్నాయి. చేపల్లో మన కవళ్ళే వాళ్ళకూ ప్రాణం. సార్డీన్లంటారు. పొట్టయినా తియ్యకుండా, ఉప్పొక్కటి చల్లి, వీధిలో బొగ్గుల మీద కాలుస్తారు. మొదటిసారి తిన్నప్పుడు కారం లేని ఆ చేపను చూసి ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆ పొగ వాసన గుర్తొస్తే ఏడుపొస్తోంది. నా బుద్ధి నాకే అర్థం కాదు.

సెలవు రోజున రైలో పడవో ఎక్కి ఊళ్ళు తిరిగేదాన్ని. లిస్బన్‌లో దొంగల సంత అని ఒకటి జరుగుతుంది. దాని పేరే అది. అక్కడ ముప్ఫై యూరోలకు ఒక పాత కెమెరా కొన్నాను. దాన్ని పట్టుకోవడం నేర్పింది మా ఆశ్రమంలో పన్నెండో గదిలో ఉండే అర్మాందు గారు. ఓడల్లో రేడియో ఆపరేటరుగా ప్రపంచమంతా తిరిగిన మనిషి. డెబ్భై ఎనిమిదేళ్ళు. పెళ్ళి లేదు, నా అన్నవాళ్ళు లేరు. నేను పెట్టిన చేపల పులుసు తింటూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, ఇంకొంచెం వెయ్యమని గిన్నె చాపిన పోర్చుగీసు ఆయనొక్కడే.

ఆయన దగ్గర తొమ్మిది ఆల్బములున్నాయి. అన్నిటిలోనూ రేవులు, వీధులు, తలుపులు, తాళ్ళు, మబ్బులు. మనుషులు లేరు. ఒక్క ఫోటోలో మాత్రం ఉన్నారు. ఆ ఒక్కటీ మన ఊళ్ళో తీసింది.

నలభై అయిదేళ్ళ కిందట ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి ఆయన ఓడ విశాఖ వచ్చిందట. ఒక పొద్దుట కొత్త కెమెరాతో సముద్రపొడ్డున నడుస్తూ ఒక చేపలమ్మాయిని ఫోటో తీశాడు. ఆ పిల్ల ఇసుకలో నిలబడి ఉంది. చంకన ఖాళీ గంప, వెనక తెప్పలు, దూరంగా కొండ. కుడి చెయ్యి కెమెరా మీదికి ఎత్తి, అరచెయ్యి చూపిస్తూ, నోరంతా తెరిచి ఏదో అరుస్తోంది. ఈయన హడలిపోయి ఓడకు పరుగెత్తాడు. మర్నాటికే జ్వరం పట్టుకుంది. ఆ పిల్ల శపించిందనే నమ్మాడు. ఆ తర్వాత ఏ మనిషి మీదికీ కెమెరా ఎత్తలేదు. నాకూ అదే పాఠం చెప్పాడు. “ముఖాలు ఎవరివి వాళ్ళవి స్టెల్లా, మనం తీసుకోకూడదు” అన్నాడు. నేను గురువు మాట జవదాటలేదు. నా దగ్గరున్న నాలుగు వేల ఫోటోల్లో గోడలూ చేపలే.

వచ్చేసే ముందు ఆ ఫోటో నా చేతిలో పెట్టాడు. “మీ ఊరే కదా. ఆమె నన్నేమందో కనుక్కుని చెప్పు. తిట్టినా పరవాలేదు, తెలిస్తే చాలు” అన్నాడు. సరేనన్నాను. ఇంటికొచ్చాక పెళ్ళిళ్ళనీ పేరంటాలనీ ఏడాది గడిపేశాను. మొన్న ఫోన్ చేస్తే ఆయన గొంతు దారప్పోగులా సన్నబడింది. ఇంకా జాగు చేస్తే జవాబు దొరికినా వినే మనిషి ఉండడని భయమేసింది.

రాస్ హిల్

ఆయన దిగిన చోటి నుంచే మొదలుపెడదామని రేవు పక్కనున్న రాస్ హిల్ ఎక్కాను. కొండ మీద మేరీమాత గుడి. చిన్నప్పుడు మా నాన్న స్టీల్ ప్లాంటులో క్రేను దిగి, స్నానం చేసి, ఆదివారం మమ్మల్ని ఇక్కడికి తెచ్చేవాడు. అప్పట్లో నా ధ్యాసంతా కింద అమ్మే మురీ మిక్చర్ మీద ఉండేది. ఇప్పుడు కొండ మీద నుంచి చూస్తే ఓడ ఒకటి కాలవలోంచి బయటికి పోతోంది. ఎర్ర పొట్ట, తెల్ల గది, వెనకాల ఏదో దేశం జెండా. అది కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను. నాకు సెతూబల్లో ఇల్లు లేదు, చుట్టాలు లేరు, జీతం కూడా లేదు. అయినా ఆ ఓడెక్కి పోవాలనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నాకు ఇంటి మీద బెంగలాగే ఆ ఊరి మీద బెంగ.

కింద టీ కొట్టులో గ్లాసు అందుకుని అలవాటు కొద్దీ “ఒబ్రిగాదా” అనేశాను. వాళ్ళ భాషలో థాంక్సు. టీ కొట్టాయన ఎగాదిగా చూసి, “ఏ ఊరండీ మీది?” అన్నాడు. గాజువాకంటే నమ్మలేదు. టీ పదిహేను రూపాయలు. అక్కడ గుక్కెడు కాఫీ ఎనభై సెంట్లు, అంటే మన డబ్బుల్లో అయిదారు టీలు. నేను ఏడాదయినా ఆ లెక్క మానలేదు.

పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన రేవులో సరుకులెత్తే పని చేసి రిటైరైనవాడు. ఫోటో చూపించి, ఇది ఏ ఒడ్డో తెలుస్తుందా బాబాయ్ అని అడిగాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు.

“కొండ ముక్కు ఇంత సిన్నగా, ఇటేపు తిరిగి ఉందంటే పెదజాలరిపేట కాడ తీసుంటారమ్మా. అప్పుడన్నీ తెప్పలే. ఈ పిల్లేటి, కొట్టేత్తాననా?”

“అదే తెలియాలి బాబాయ్.”

“సెయ్యెత్తిన ఆడమడిసి ఏటందో కనుక్కోడానికి బయల్దేరినావు! నాను నలబయ్యేల్లు కాపరం సేసినాను, ఇప్పటికీ తెలీదు” అని నవ్వి, నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చేశాడు.

జాలరిపేట

మర్నాడు తెల్లవారాక ఒడ్డుకు చేరాను. పడవలింకా రాలేదు. ఆడవాళ్ళు గంపలూ బేసిన్లూ ముందు పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. సెతూబల్ చేపల బజారు గుర్తొచ్చింది. అక్కడ గోడలకు నీలం బొమ్మల పెంకులు, బల్లల మీద మంచు, చేపలమ్మే వాళ్ళకు రబ్బరు బూట్లు. కానీ కేకలు ఒక్కటే. ఇరవై అడుగుల దూరం నుంచి బేరం తెంపే ఆ గొంతు ఏ దేశంలోనైనా ఒక్కలాగే ఉంటుంది.

పాత ఫోటో పట్టుకుని అటూ ఇటూ నడిచి, కొండ సరిగ్గా అంతే కనిపించే చోటు వెతుక్కున్నాను. ఆ చోటు దొరకగానే సంబరపడి కెమెరా ఎత్తాను. ఎదురుగా ఒకామె నిలబడి ఉందన్న సంగతి అద్దంలోంచి చూశాకే తెలిసింది. నలభై ఏళ్ళుంటాయి. చంకన గంప. నన్ను చూసి చెయ్యి ఎత్తింది. అరచెయ్యి ఇటు, నోరంతా తెరిచి.

“ఓలమ్మా, ఆగాగు! ఆగు!”

అదే చెయ్యి. “తప్పయిపోయిందమ్మా” అని కెమెరా దించి, వెనక్కి తిరిగి, ఇసుకలో వీలైనంత జోరుగా నడిచాను. గురువుకి తగ్గ శిష్యురాలిని కదా.

వెనక నుంచి కేక వినిపించింది. “ఏటమ్మా, ఆగమంటే ఎల్లిపోతావేటి? నాను తీయొద్దన్నానేటి? ఆగమన్నాను.”

ఆగాను. ఆమె పేరు దానమ్మట. రొప్పుకుంటూ వచ్చి నన్ను పట్టుకుంది.

“కాళీ గంపతో బొమ్మ తీయించుకోకూడదమ్మా. అలాగ తీత్తే గంప కాళీగానే ఉండిపోద్ది. పడవలు రానీ, సేపలు ఎయ్యనీ. అప్పుడు ఎన్ని తీత్తావో తీసుకో. ఎవలొద్దన్నారు?”

ఆ ఇసుకలోనే కూర్చున్నాను. నలభై ఆరేళ్ళుగా ఈ ఊరిదాన్ని. వారానికి మూడుసార్లు చేపలు కొన్న ఇల్లు మాది. ఇంత చిన్న ముక్క నాకు తెలియదు. మా గుమ్మం దగ్గరకు ఎప్పుడూ నిండు గంపే వచ్చేది మరి.

పడవలొచ్చేసరికి అరగంట పట్టింది. వెండి బిళ్ళల్లా కవళ్ళు జారాయి. దానమ్మ గంప నింపుకుని, కొంగు సర్దుకుని, గడ్డం పైకెత్తి నిలబడింది. “ఇప్పుడు తీయి” అంది. తీశాను. నా జన్మలో నేను తీసిన మొదటి మనిషి ఫోటో అది. కుప్ప వంద రూపాయలు చెప్పి నాకు ఎనభైకి ఇచ్చింది.

అప్పుడు పాత ఫోటో చూపించాను. దానమ్మ దాన్ని పడవ నీడన కూర్చున్న వాళ్ళత్త దగ్గరికి పట్టుకెళ్ళింది. ముసలమ్మ ఒక్క చూపు చూసి తేల్చేసింది.

“ఇది నూకాలు గదే! సూడు ఆ నిలబడ్డం. ఒంటి కాలు మీద బరువేసి కొంగలాగ నిలబడీది. మా తోటిదే.”

ఆమె ఇంకా బతికి ఉందా అని నాకంటే ముందు దానమ్మే అడిగింది.

“ఉండకేటి? కూతురి కాడ ఉంది. తగరపువలసలో ఎండు సేపలు అమ్ముతంది.”

రుషికొండ

ఆ సాయంత్రం రుషికొండ దగ్గర ఆగాను. తొందరెంత ఉన్నా మోకాళ్ళు ఒప్పుకోవాలి కదా. కొండ మీద అద్దాల ఆఫీసులు, కింద రంగు గొడుగులు. మెడలో కెమెరా చూసి ఒక కొత్త జంట నా దగ్గరికొచ్చింది. “ఆంటీ, ఫోటోకెంత?” అని అడిగాడు ఆ అబ్బాయి. ఒడ్డున ఫోటోలు తీసి అప్పటికప్పుడు ప్రింటు ఇచ్చేవాళ్ళలో ఒకదాన్ననుకున్నాడు. రోషం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. డబ్బులొద్దు, నిలబడండన్నాను. వాళ్ళకోసం వెనక్కి వెనక్కి నడిచి, ఒక అల నడుము దాకా కొడితే సంచీతో సహా కూలబడ్డాను. కెమెరా మాత్రం తల మీదికి ఎత్తి పట్టుకున్నాను. ఆ పిల్ల పరుగున వచ్చి తన చున్నీతో నా ముఖం తుడిచింది. తడి చీరతో వేయించిన చేప తింటూ, సెతూబల్లో ఇలా తడిస్తే నాకెవరు తుడిచేవారా అని ఆలోచించాను. అర్మాందు గారు చూస్తే ముందు కెమెరా ఎలా ఉందని అడిగేవాడు.

తగరపువలస

మూడో రోజు. బజారులో ఎండు చేపల వరస ముక్కుకే తెలిసింది. నెత్తళ్ళు, రొయ్యపొట్టు, ఎండు కవళ్ళు గోనెల మీద గుట్టలుగా పోసి ఉన్నాయి. ఆ గుట్టల మధ్య ఇంతే ఉన్న మనిషి, డెబ్భై దాటినామె, ఈగల్ని తోలుకుంటూ కూర్చుంది. నాలుగు వందల గ్రాముల నెత్తళ్ళు కొనేదాకా పేరడిగే ధైర్యం రాలేదు. నూకాలేనంది. ఫోటో చేతికిచ్చాను.

చాలాసేపు చూసింది. వేలితో ఆ గంప అంచు తడిమింది.

“ఓలి ఓలి! ఇది నానేనేటి? ఎంత సన్నగున్నాను!” అని, ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. “తెల్లోడు గదా! పొడుగు కాల్లు. ఆడేనా?”

“ఆయనే అమ్మా. మీరు శపించారని ఇన్నేళ్ళూ బాధపడుతున్నాడు.”

“సాపమేటి? ఆగయ్యా, ఆగయ్యా అని గొంతు సించుకున్నాను. కాళీ గంపతో తీసీసి, ఎనక్కి సూడకుండా పరిగెట్టీసినాడు.” ఫోటో ఒళ్ళో పెట్టుకుంది. “నాకప్పటికి బొమ్మ లేదమ్మా. ఒక్కటీ లేదు. ఎవులు తీత్తారు మాకు? తెప్పలొచ్చినాక గంప నింపుకుని అక్కడే నిలబడ్డాను, మల్లీ ఒత్తాడేమోనని. మర్నాడూ నిలబడ్డాను. మా ఆయన ఎక్కిరించినాడు కూడాను.”

అంటే ఈయనక్కడ ఓడలో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు, ఈమె ఇక్కడ నిండు గంపతో ఒడ్డున నిలబడి ఉంది.

ఫోటో తీస్తానంటే ఆమె లేచిన తీరు చూడాలి. తన గంప ముందుకు లాగి, పక్క కొట్టామె దగ్గర రొయ్యపొట్టు లాక్కుంది, తన కవళ్ళు పోసింది, నా నెత్తళ్ళ పొట్లం కూడా విప్పి గంపలో గుమ్మరించింది. శిఖరం పెట్టినట్టు నిండాక చంకనెత్తుకుని ఒంటికాలి మీద బరువేసి నిలబడింది. వరసంతా బేరాలు ఆపి చూశారు. ఆ ఫోటో పెద్దది చేయించి పోస్టులో పంపాను. గోడకి తగిలించామని ఆశ్రమం నుంచి కబురొచ్చింది.

ఆ రోజు ఫోటో తీసేసరికి మధ్యాహ్నం మూడు, సెతూబల్లో పొద్దున్న. ఆశ్రమానికి ఫోన్ చేస్తే నాతో పని చేసిన ఇనెస్ ఎత్తి, ఫోన్ ఆయన గదికి పట్టుకెళ్ళింది. స్పీకరు పెట్టి నాకొచ్చిన పోర్చుగీసులో అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, గంప నిండేదాకా ఆగమంది, ఆ తర్వాత మీకోసం ఎదురుచూసింది అని.

అటు నుంచి సన్నటి గొంతు వినిపించింది. “ఎంతసేపు ఆగాల్సి ఉండేది? అడుగు.”

అడిగాను. “ఎంతేటి, అరగంట” అంది నూకాలమ్మ.

“మెయా ఓరా,” అన్నాను. అరగంట.

“మెయా ఓరా,” అన్నాడాయన. మళ్ళీ అదే మాట అన్నాడు. ఊపిరి వినిపిస్తోంది. “ఆ తర్వాత ఫోటో తియ్యనా అని నేనెవరినీ అడగలేదు స్టెల్లా. ఒక్క మనిషినీ అడగలేదు.”

“ఏటంటన్నాడు?” అని ఆమె నా మోచెయ్యి కుదిపింది. మీరు బాగున్నారా అంటున్నాడని చెప్పాను.

“బాగున్నానని సెప్పు. నా బొమ్మ ఒత్తాంది, ఈపాలైనా ఆగమని సెప్పు.”

చెప్పాను. ఆగుతానన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆమె కాళ్ళు చాపుకుని, “నాది నువ్వు తీసినావు. మరాడి బొమ్మేది? సూపించు” అంది.

కెమెరాలోవన్నీ ఎక్కించుకున్న ఫోన్ తెరిచి వెతకడం మొదలుపెట్టాను. సార్డీన్లు. నీలం పెంకులు. నారింజ చెట్టు. చక్రాల కుర్చీ నీడ. ఆశ్రమం మెట్లు. ఆయన కళ్ళజోడు, కిటికీ గట్టు మీద. మళ్ళీ సార్డీన్లు. పైకీ కిందకీ తిప్పుతూనే ఉన్నాను. ఆశ్రమంలో వాళ్ళ ఫోటోలు తియ్యకూడదని నియమం ఉంది, నిజమే. నెపం దాని మీదికి తోసేయొచ్చు. కానీ తియ్యనా అని నేను ఆయన్ని ఒక్కసారీ అడగలేదు. ఆరేళ్ళు రోజుకు రెండు పూటలా అన్నం పెట్టిన మనిషి ముఖం నా నాలుగు వేల ఫోటోల్లో ఎక్కడా లేదు. ఇంక ఆయన్ని నేను చూడను. ఆ సంగతి ఆ ఎండు చేపల మధ్య, పట్టపగలు, మొదటిసారి తెలిసొచ్చింది.

“లేదమ్మా,” అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. “నోరుంది గదా, సెప్పు” అని కళ్ళు మూసుకుంది.

చెప్పాను. చెవులు పెద్దవి. ముక్కు మీద చిన్న గాటు, ఓడ తలుపు తగిలింది. గడ్డం తనే గీసుకుంటాడు, దవడ కింద ఒకచోట ఎప్పుడూ నాలుగు వెంట్రుకలు మిగిలిపోతాయి, అవి నేను గీసేదాన్ని. చొక్కా పై బొత్తాం పెట్టుకుంటేగాని గది దాటడు. చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. నవ్వేటప్పుడు ముందు భుజాలు కదులుతాయి, చప్పుడు తర్వాత వస్తుంది. పులుసు కారమైతే ఎడమ కంటికే నీళ్ళొస్తాయి. ఇంకా ఏదో చెప్పబోయాను.

నూకాలమ్మ కళ్ళు తెరవకుండానే నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

“సాలమ్మా. అగుపడ్డాడు.”